తిప్పుతూ నొక్కాలి

భోజనాల బల్ల మీంచి ఆ ఇనప సామాను తీసెయ్యమని అమ్మ చెప్పడం అది నాలుగోసారి. తీసేస్తానని తమ్ముడు అనడం కూడా నాలుగోసారే. అట్టపెట్టెలు విప్పి, నూనె కాగితంలో చుట్టిన రెండు కొత్త బ్రేక్ డిస్కుల్ని కంచాల మధ్య పెట్టుకుని, ఇంటింటికీ తిరిగి పింగాణీ పళ్ళేలు అమ్మేవాడిలా వాటిని అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నాడు. పక్కన చిన్న పెట్టెలో నాలుగు బ్రేక్ ప్యాడ్లు. కారు వెనక చక్రాలకి అవన్నీ తనే ఇంట్లో మారుస్తానంటాడు. శనివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోతుందంటాడు.

"వంటింటి కుళాయి కూడా భోజనాల వేళకే అన్నారు," అంది మరదలు, కూర గిన్నె పెట్టడానికి చోటు వెతుక్కుంటూ. "మూడు రోజులు బకెట్లు మోశాం."

"కుళాయి వేరు, కారు వేరు."

"అవును. కుళాయి పాడైతే తడుస్తాం, అంతే."

మెకానిక్ బుధవారం ఖాళీ అన్నాడు కదా, బుధవారమే ఇద్దాం, బ్రేకులతో ఆటలేమిటి అంది అతని అక్క పాప, తలెత్తకుండా. నలభై మూడేళ్ళొచ్చి, చెవుల పక్కన జుట్టు నెరిసినా ఇంట్లో ఆమె పాపే. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. మాట కూడా అలాగే కొలిచి, అంచులు నున్నగా చేసి వదులుతుంది. ఇప్పుడన్న మాటలోనూ తప్పుపట్టడానికేమీ లేదు. అయినా ఆమె మాట్లాడుతున్నది బ్రేకుల గురించి కాదని బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు.

"బుధవారం దాకా ఆ మంచం మనకోసం ఖాళీగా ఉంచరక్కా," అన్నాడు తమ్ముడు.

ఊరి చివర సంరక్షణ గృహంలో కింది అంతస్తులో ఒక మంచం ఖాళీ అయింది. సోమవారం పదింటికల్లా నాన్నని తీసుకొస్తే ఆయనకి, లేకపోతే వరసలో తర్వాతివాళ్ళకి అన్నారు. నాన్నని ఎక్కించగల బండి ఇదొక్కటే. ముందు సీటు బయటికి తిరిగేలా తమ్ముడు దీనికి ఏర్పాటు చేయించాడు. మామూలు ట్యాక్సీలో ఎక్కించబోయిన రోజు ఏమైందో తలుచుకోవడం కూడా ఎవరికీ ఇష్టం లేదు. ఈ బండేమో నెలరోజులుగా బ్రేకు నొక్కితే చాలు, వెనకనించి రాయి మీద రాయి నూరినట్టు అరుస్తోంది.

నాన్న బల్ల చివర చక్రాల కుర్చీలో ఉన్నాడు. పక్షవాతం వచ్చి, కుడివైపంతా పడిపోయి, మాట పోయి పద్నాలుగు నెలలు. రోజూలాగే పాప ఆయనకి ఎడంపక్కన కూర్చుంది. ఆయన ఎడంచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో చెంచాతో తినిపిస్తోంది.

"నాన్నకి అన్నీ తెలుస్తున్నాయి," అంది. "ఆయన ముందే ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టాలా అని మాట్లాడుకుంటున్నాం."

"ఎలా తెలుసు నీకు? నన్ను చూసి నేనని గుర్తుపట్టినట్టు ఎప్పుడైనా కనిపించాడా? పోనీ నిన్ను?" తమ్ముడి గొంతులో కోపం లేదు. అదే పాపకి కష్టంగా ఉంది. "ఏదో ఒక్కటి చూపించక్కా. ఒక్కటంటే ఒక్కటి. మంచం వద్దని నేనే ఫోన్ చేసి చెప్పేస్తాను."

పాప నాన్న పెదవి అంచున మిగిలిన మెతుకు తీసింది. ఆయన కళ్ళు చూడు అందామనుకుంది. కానీ నాన్న కళ్ళు అప్పుడు కొత్త డిస్కుల మీద కాదు, వాటి పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు మీద కాదు, ఆ రెండింటికీ మధ్య ఏమీ లేని చోట ఉన్నాయి.

అమ్మ లేచింది. రెండు చేతులూ బల్ల అంచు మీద ఆనించి సగం లేచి, అక్కడ కాసేపు ఆగి, మిగతా సగం లేచింది.

"ముందు ఆ ఇనుము తియ్యండి," అంది. ఐదోసారి.

శనివారం ఎనిమిదింటికి తమ్ముడు బండిని షెడ్డు ముందున్న గచ్చు మీద నిలిపాడు. నాన్న మోటారు పనులు చేస్తూ నడిపిన షెడ్డు అది. పనిముట్లు ఇంకా గోడకి వరసగా వేలాడుతున్నాయి. ఒక్కోదాని వెనక గోడ మీద దాని ఆకారం తెల్లరంగుతో గీసి ఉంది. తీసినది తిరిగి ఎక్కడ తగిలించాలో మర్చిపోయే వీలు లేకుండా నాన్న గీసుకున్న గీతలు.

పాప దుకాణానికి సెలవు పెట్టింది. నాన్న కూడా బయట కూర్చుని చూడాలని పట్టుబట్టింది. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం అమ్మ పని. మామూలు రోజుల్లో ఆ వేళకి పాప బస్సులో ఉంటుంది. ఇవాళ గుమ్మంలో నిలబడి చూసింది. అమ్మ తన మోకాలు నాన్న మోకాళ్ళ మధ్యకి పోనిచ్చి, ఆయన పనిచేసే చేతిని తన మెడ చుట్టూ వేయించుకుని, నడుముకి కట్టిన తోలు బెల్టు రెండు చేతులా పట్టుకుని, ఎవరికో చెప్తున్నట్టు "ఊ" అంది. అమ్మ మొహం కందిపోయింది. ఒక క్షణం ఇద్దరూ అలా గాల్లో ఆగిపోయినట్టు అనిపించింది. పాప పరిగెత్తుకెళ్ళేసరికి నాన్న కుర్చీలో ఉన్నాడు, అమ్మ మంచం కోడు పట్టుకుని ఊపిరి పీలుస్తోంది.

"అయిపోయిందిగా," అంది అమ్మ. "వెళ్ళు, వాడికి లైటు కావాలేమో చూడు."

పాప టార్చి తెచ్చుకోవడం చూసి తమ్ముడు నవ్వాడు. "ఇదిగో, లాంతరు వచ్చేసింది. ఇక పని మొదలుపెట్టచ్చు."

చిన్నప్పట్నించీ ఆ వెక్కిరింపు ఉన్నదే. నాన్న తమ్ముడి చేతికి స్పానరూ ఆమె చేతికి లైటూ ఇచ్చేవాడు. తమ్ముడు ఐదు నిమిషాలకోసారి ఆటకి పారిపోయేవాడు. లైటు పట్టుకున్న మనిషికి ఆ వీలుండదు. వెలుగు సరైన చోట పడాలంటే చెయ్యి తర్వాత ఎక్కడికి పోతుందో ముందే తెలిసి ఉండాలి.

తమ్ముడు ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాడు. వెనక చక్రం నట్లు కాస్త వదులు చేసి, జాకీతో బండి లేపి, కింద స్టాండు పెట్టాడు. హ్యాండ్ బ్రేకు దించావా అని పాప అడిగింది. దించానంటూనే వెళ్ళి దించొచ్చాడు. చక్రం ఊడదీశాక పాప లోపలికి లైటు వేసింది. లోపలివైపు ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి, వెనకున్న ఇనపరేకే డిస్కుని గీరుతోంది. డిస్కు మీద వేలు పట్టేంత చాళ్ళు.

"నెలరోజులు దీంతో తిరిగాం," అన్నాడు తమ్ముడు మెల్లిగా.

డిస్కుని పట్టుకుని ఉండే కాలిపర్‌ని విప్పి, దాని గొట్టం మీద బరువు పడకుండా పాప ఒక తీగతో పైన వేలాడదీసింది. డిస్కు తుప్పుపట్టి అంటుకుపోయింది. సుత్తితో చుట్టూ కొడుతూ, తుప్పు వదిలించే మందు చల్లుతూ, మళ్ళీ కొడుతూ గంటసేపు పట్టింది. చివరికి గంట మోగినట్టు ఒక్క చప్పుడు చేసి ఊడొచ్చింది. తమ్ముడు మోచేత్తో చెమట తుడుచుకుని, నేను చెప్పలేదా అన్నట్టు పెళ్ళాం వైపు చూశాడు. మరదలు మెట్ల మీద కూర్చుని రేడియో వింటూ కూరలు తరుగుతోంది. పన్నెండున్నర అయిందని గడియారం వైపు చూపించింది.

ఇక మిగిలింది పిస్టన్. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్‌లోని పిస్టన్ ముందుకి వచ్చేస్తుంది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనక, అవి పట్టాలంటే దాన్ని మళ్ళీ లోపలికి పంపాలి. తమ్ముడు పెద్ద ఇనప క్లాంపు తెచ్చి పిస్టన్ మీద పెట్టి బిగించడం మొదలుపెట్టాడు. ముందు చక్రాలకి ఇలాగే చేశాను, వెన్నలా దిగిపోయింది అన్నాడు. ఇది దిగలేదు. ఇంకాస్త బిగించాడు. క్లాంపు కిర్రుమంది.

అప్పుడు నాన్న చెయ్యి లేచింది.

ముందు చూసింది మరదలు. "మావయ్యగారు రేడియో సౌండ్ తగ్గించమంటున్నట్టున్నారు," అని తగ్గించింది. చెయ్యి ఆగలేదు. కుళాయి కారుతోందేమో అని అమ్మ గుమ్మంలోంచి చూసి, వెళ్ళి కట్టేసిన కుళాయినే మళ్ళీ కట్టింది. నాన్న బొటనవేలూ రెండు వేళ్ళూ దేన్నో పట్టుకున్నట్టు కలిపి, మణికట్టుని కుడివైపుకి తిప్పుతున్నాడు. తిప్పి, వెనక్కి తెచ్చి, మళ్ళీ తిప్పుతున్నాడు.

పాప చేతిలో టార్చి కిందికి వాలిపోయింది.

"తిప్పమంటున్నాడు," అంది. "నొక్కడం కాదు, తిప్పాలి. వెనక చక్రాలకి హ్యాండ్ బ్రేకు కూడా దీంట్లోనే ఉంటుంది, లోపల స్క్రూలాంటి మర ఉంటుంది. తిప్పుతూ నొక్కితేనే దిగుతుంది. నాన్న అదే చెప్తున్నాడు, చూడు."

"లైటు ఇటు పట్టుకో అక్కా."

"ఒక్కసారి నాన్న చెయ్యి చూడరా."

"అక్కా, నువ్వు లైటు పట్టుకో. చాలు." పళ్ళు బిగబట్టి ఇంకో చుట్టు బిగించాడు. క్లాంపు పక్కకి జారింది. దాంతోపాటు అతని చెయ్యి కూడా జారి రేకు అంచుకి గీసుకుపోయింది. అరచెయ్యి అడ్డంగా తెగింది.

ఆ తర్వాత అంతా కలగాపులగం. మరదలు కూరలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అమ్మ దూది తెచ్చింది. తమ్ముడు, ముప్పై తొమ్మిదేళ్ళవాడు, చిన్నపిల్లాడిలా చెయ్యి అమ్మకి చాచి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇటు పని జరుగుతుంటే అటు కుర్చీలో ఆ చెయ్యి ఊపడం చూస్తే ధ్యాస నిలుస్తుందా, లోపలికి తీసుకెళ్ళండి అన్నాడు. మరదలు వచ్చి కుర్చీ తిప్పి నాన్నని లోపలికి తోసుకెళ్ళిపోయింది. గుమ్మం దాటేదాకా నాన్న చెయ్యి గాల్లో తిరుగుతూనే ఉంది.

బండి మూడు చక్రాల మీద, ఒక స్టాండు మీద, ఆ మధ్యాహ్నమంతా అలాగే ఉంది. మెకానిక్కి ఫోన్ చేస్తే, ఎంత బతిమాలినా సోమవారం సాయంత్రంలోగా రాలేనన్నాడు. పాపకి సంతోషం వెయ్యాల్సింది. కానీ కోపం వచ్చింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి నాన్న నోరు విప్పాడు, విప్పితే ఆయన్ని గదిలో పెట్టి తలుపు వేశారు.

ఆదివారం పొద్దున్నే, తమ్ముడు వాళ్ళు పైన ఇంకా లేవకముందే, ఆమె షెడ్డులోకి వెళ్ళింది. గోడ మీద మూడో వరసలో, కుడి చివర గుండ్రటి గీత ఉన్న చోటికి చెయ్యి తిన్నగా పోయింది. గుండ్రటి ఇనపముక్కకి రెండు బుడిపెలు అతికించి నాన్న తనే చేసుకున్న పనిముట్టు అక్కడ వేలాడుతోంది. తాను దానికోసం వెతకలేదని పాప గమనించనేలేదు.

అమ్మ వద్దంటున్నా నాన్నని తనే బయటికి తీసుకొచ్చింది. కుర్చీని చక్రానికి రెండడుగుల దూరంలో పెట్టింది. పాత ప్యాడ్ ఆయన కళ్ళ ముందు పెట్టి చూపించింది. డిస్కు మీది చాళ్ళు చూపించింది. "ఎంత అరిగిపోయిందో చూశావా నాన్నా? వాడు విననేలేదు నీ మాట. నేను విన్నాను."

నాన్న చెయ్యి లేచింది. వేళ్ళు కలిశాయి. మణికట్టు కుడివైపుకి తిరిగింది.

పాప రెండు బుడిపెల్నీ పిస్టన్ ముఖం మీది గాడుల్లో కూర్చోబెట్టి, ఒంటి బరువుతో నొక్కి తిప్పింది. మొదట ఏమీ కదల్లేదు. తర్వాత, బిగుసుకుపోయిన సీసా మూత లొంగినట్టు, కొద్దిగా లొంగింది. ఆమె తిప్పింది. నాన్న తిప్పాడు. ఆమె చెయ్యి ఆగిన చోట ఆయన చెయ్యి ఆగలేదు. అది తనని తొందరపెట్టడమే అనుకుని నవ్వుకుంది. "ఉండు నాన్నా, చేస్తున్నా, అంత తొందరైతే ఎలా?" పిస్టన్ చుట్టుకో వెంట్రుకవాసి లోపలికి పోయింది. చూస్తుండగా పూర్తిగా దిగిపోయింది. చివర్లో పావు చుట్టు వెనక్కి తిప్పి, దాని గాడి కొత్త ప్యాడ్ వెనకున్న బుడిపెకి ఎదురుగా వచ్చేలా సరిచేసింది.

మిగతాది తెలిసిన పనే. డిస్కు కూర్చునే చోట తుప్పుని తీగల బ్రష్‌తో మెరిసేదాకా రుద్దింది. కొత్త డిస్కు మీద నూనెపూత పోయేదాకా గుడ్డతో తుడిచింది. దుకాణంలో అద్దాన్ని చూసినట్టు వెలుగుకి పెట్టి చూసి, మళ్ళీ తుడిచింది. కాలిపర్ జారే పిన్నులకి గ్రీజు రాసింది. చప్పుడు చేసి హెచ్చరించే చిన్న రేకున్న ప్యాడ్‌ని లోపలివైపుకి వేసింది. మొదటి చక్రానికి రెండు గంటలు పట్టింది, రెండోదానికి గంట కూడా పట్టలేదు. అన్నీ బిగించాక సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది. పెడల్ మెత్తగా నేలదాకా పోయింది. మళ్ళీ తొక్కింది. పదోసారికి కాలి కింద రాయిలా గట్టిపడింది.

అప్పటికి ఇంట్లోవాళ్ళంతా బయటికొచ్చి నిలబడ్డారు. తమ్ముడు కట్టుకట్టిన చేత్తోనే బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. మలుపులో బ్రేకు వేశాడు. చప్పుడు లేదు. దిగి, తలుపు మెల్లిగా వేసి, కాసేపు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నాన్నేనా చెప్పింది?"

"నిన్న నీకూ చెప్పాడు," అంది పాప. "మోటారు పనివాడు. మాట పోయినా పని పోలేదు."

తమ్ముడు నాన్న కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, కట్టులేని చెయ్యి ఆయన మోకాలి మీద పెట్టాడు. తర్వాత లేచి, రేపు ఎనిమిదింటికి వాళ్ళ ఆఫీసు తెరవగానే ఫోన్ చేసి మంచం వద్దని చెప్పేస్తానన్నాడు. మరదలు కళ్ళు తుడుచుకుంది. మావయ్యగారు రేడియో తగ్గించమంటున్నారని అన్నది తనే కదా అని పదేపదే నొచ్చుకుంది. ఈ సంబరంలో అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. పాప దగ్గరకొచ్చి, తువ్వాలుతో ఆమె చెంప మీది గ్రీజు మరక తుడిచింది. తుడిచాక కూడా ఆ మొహాన్ని అలాగే చూస్తూ కాసేపు నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి అమ్మ నడుము పట్టేసింది.

నాన్న కింద దుప్పటి మారుస్తూ ఆయన్ని పక్కకి దొర్లించబోయి అలాగే వంగి ఉండిపోయింది. ఆమెని పక్కగదిలో పడుకోబెట్టి, వేడినీళ్ళ సంచీ పెట్టి, మిగతా పని నేను చేస్తాలే అంది పాప. నీకు రాదు, కాసేపాగితే నేనే లేస్తానంది అమ్మ. ఈ ఒక్క పనీ ఎవర్నీ చెయ్యనివ్వని మనిషి. రాకపోతే నేర్చుకుంటానంది పాప, ఉత్సాహంగానే. ఆ పూట ఆమెకి అన్నీ వచ్చేలానే ఉన్నాయి.

నిజంగానే రాలేదు. నాన్న ఒళ్ళు అంత బరువుంటుందని తెలియదు. ఒక పక్కకి తిప్పడానికే మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. చొక్కా విప్పి, తడిగుడ్డతో వీపు తుడవడం మొదలుపెట్టింది. నాన్న గోడవైపుకి తిరిగి ఉన్నాడు. పొద్దున్నుంచీ ఉన్న సంతోషంతో ఆయనతో మాట్లాడుతూనే ఉంది. ఇంకో వారంలో ఇంజన్ ఆయిల్ కూడా మారుద్దామంది, నువ్వు చెప్తూ ఉండు నేను చేస్తానంది. మాట్లాడుతూ భుజం మీదుగా తొంగిచూసింది.

నాన్న ఎడంచెయ్యి తిరుగుతోంది. బొటనవేలూ రెండు వేళ్ళూ కలిసి, మణికట్టు కుడివైపుకి. వెనక్కి. కుడివైపుకి.

"అయిపోయింది నాన్నా. బిగించేశాను," అంది.

చెయ్యి తిరిగింది.

ఆమె గుడ్డ బకెట్లో వేసి ఆ చేతిని పట్టుకుంది. ఆగింది. వదిలింది. తిరిగింది. చొక్కా గుండీ వేళ్ళకి తగిలితే గుండీని తిప్పింది. దుప్పటి అంచు తగిలితే దుప్పటి అంచుని తిప్పింది. ఏదీ తగలకపోతే గోడని తిప్పింది. గోడకి ఆ చోట అమ్మ ఒక పాత తువ్వాలు ముక్కని మడతలు పెట్టి మేకులతో కొట్టింది. చలి తగలకుండా కాబోలనుకుని ఇన్నాళ్ళూ పాప దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే ఆ గుడ్డ మధ్యలో దారాలు లేచిపోయి ఉన్నాయి. ఆమె మంచం మీద మోకాలు ఆనించి, కింది మేకు ఊడదీసి, గుడ్డ పైకెత్తింది. వెనక గోడ మీద రంగు పోయి, గచ్చు పోయి, రూపాయి బిళ్ళంత గుండ్రటి గుంట ఉంది. ఒక్కరోజులో పడేది కాదు. నెలల తరబడి అరగదీస్తే పడేది. ఎంత సేపు రుద్దితే ఎంత లోతు పోతుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె బతుకుతెరువే అది.

రోజూ సాయంత్రాలు తను ఆయన పక్కన కూర్చున్నంతసేపూ ఈ చేతిని పట్టుకునే ఉండేది. అందుకే చూడలేదు. పట్టుకోవడం వల్లే చూడలేదు.

మేకు తిరిగి గుచ్చింది. నాన్న వీపు పొడిగుడ్డతో తుడిచి, చొక్కా వేసి, గుండీలు పెట్టింది. అన్నీ వరసగా చేసింది. ఆ తర్వాత బకెట్ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. నాన్న అక్కడ లేడని ఆ గుంట చెప్పడం లేదు. ఉన్నాడనీ చెప్పడం లేదు. ఎన్నేళ్ళో చేసిన పని ఒకటి ఆ చేతిలో మిగిలిపోయింది, అది ఎవరికీ ఏమీ చెప్పకుండా తిరుగుతోంది.

పక్కగదిలో అమ్మ కళ్ళు తెరిచే ఉంది. పాప మొహం చూడగానే తెలిసిపోయినట్టుంది, సర్దుకుని కాస్త చోటిచ్చింది. పాప మంచం పట్టీ మీద కూర్చుంది.

"ఎప్పట్నించమ్మా?"

"చలికాలం నించి. వేళ్ళ మీద తోలు లేచిపోతుంటే గుడ్డ పెట్టాను."

"నిన్నే చెప్పొచ్చు కదా. ఇవాళ పొద్దున్నైనా."

అమ్మ వేడినీళ్ళ సంచీ కిందికి జరుపుకుంది. "బండి కింద కూర్చుని ఆయనతో మాట్లాడుతున్నావు. కిటికీలోంచి చూశాను. నీ మొహం అలా ఉండి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు కూడా లేదు." పాప మోకాలి మీద చెయ్యి వేసింది. "పోనీలే పాపా. ఉంచుకుందాం. నాకు అలవాటైపోయింది."

పాప ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. పొడుగు చేతుల రవిక పైకి జరిగింది. ముంజేతి మీద నాలుగు వేళ్ళ గుర్తులు, కొన్ని నల్లగా, కొన్ని ఆకుపచ్చకి తిరిగి, కొన్ని పసుపుపచ్చగా, ఏ రోజువి ఆ రోజు విడివిడిగా కనిపిస్తున్నాయి. పక్కకి దొర్లించేటప్పుడు పడిపోతానేమోనని నాన్న పట్టుకునే పట్టు. అమ్మ రవిక చెయ్యి కిందికి లాక్కోబోయింది. పాప లాగనివ్వలేదు.

"అలవాటా ఇది?" అంది.

అమ్మ గోడవైపుకి మొహం తిప్పుకుంది. భుజాలు కదిలాయి గానీ చప్పుడు రాలేదు. చప్పుడు లేకుండా ఏడవడం కూడా ఆ మనిషికి ఈమధ్యే అలవాటైన పనిలా ఉంది. పాప చీకటిపడేదాకా అక్కడే కూర్చుంది.

ఆ రాత్రి భోజనాలకి మరదలు ఇష్టంగా రెండు కూరలు చేసింది. తమ్ముడు ఒంటిచేత్తో తింటూ, సగం కింద పోస్తూ, లాంతరుకి ఇక మెకానిక్ అని పేరు మార్చాలన్నాడు. దుకాణం మానేసి షెడ్డు మళ్ళీ తెరవమన్నాడు, తను లైటు పట్టుకుంటానన్నాడు. మీరు లైటు పట్టుకుంటే దారినపోయేవాళ్ళకి తప్ప బండికి కనిపించదంది మరదలు. అమ్మ కూడా లేచొచ్చి నడుము వెనక దిండు పెట్టుకుని కూర్చుంది. నాన్న కుర్చీ బల్ల చివర ఉంది. పాప ఇవాళ ఆయన చెయ్యి పట్టుకోలేదు. దాని మానాన దాన్ని వదిలేసింది. అది బల్లగుడ్డ అంచుని పట్టుకుని తిప్పుతోంది.

కాసేపటికి తమ్ముడు అది చూశాడు. నమిలేది ఆపాడు.

"రేపు ఫోన్ చెయ్యొద్దు," అంది పాప.

మరదలు గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నాన్న నాకేమీ చెప్పలేదు. ఆ చెయ్యి రోజంతా అలాగే తిరుగుతుంది. అమ్మకి తెలుసు. వెనక బ్రేకుల సంగతి నాకు ముందే వచ్చు. వచ్చని నాకే తెలియలేదు."

తమ్ముడు చాలాసేపు కంచంలోకి చూశాడు. గెలిచిన మొహం కాదు అది. "ఇంకో నెల చూద్దాం అక్కా," అన్నాడు చివరికి. "ఇంకో మంచం ఎప్పుడో ఖాళీ కాకపోదు. నేను సెలవు పెడతాను. వంతులు వేసుకుందాం."

అమ్మ తల పైకెత్తి పాప వైపు చూసింది. వద్దనమని కాదు, అవుననమని కాదు. ఊరికే చూసింది.

పాప చెంచాతో అన్నం కలిపి నాన్న నోటికి అందించింది. ఆయన తిన్నాడు. మూతి తుడిచింది.

"పదింటికి అక్కడుండాలి," అంది. "బండి నేను నడుపుతాను. నువ్వు వెనక సీట్లో కూర్చో, మలుపుల్లో నాన్న భుజం పట్టుకోవాలి. పొద్దున స్నానం నేనే చేయిస్తాను. అమ్మని ఎవరూ లేపొద్దు."